అల్లికకు వెల ఎవరు కట్టాలి?



చేతివృత్తుల మేళాల్లో ఊలు దుప్పట్లు, స్కార్ఫులు పరుచుకుని కూర్చున్న ఆడవాళ్లను మీరు చూసే ఉంటారు. వాళ్ల దగ్గర కాసేపు నిలబడితే ఒకే మాట మళ్లీ మళ్లీ వినపడుతుంది. వచ్చినవాళ్లు ముందు దుప్పటిని చేత్తో తడిమి చూస్తారు, ఎంత మెత్తగా ఉందో అని పక్కవాళ్లకు చూపిస్తారు, ధర అడుగుతారు. వినగానే చెయ్యి వెనక్కి తీసుకుంటారు. "అంతా! బయట రెండొందలకే ఇస్తున్నారుగా!" అప్పుడు అమ్మే మనిషి ఏం చేస్తుంది? చాలామంది తగ్గించేస్తారు. ఊలు కొన్న డబ్బు, పైన ఓ నాలుగైదు వందలు వస్తే చాలనుకుంటారు. ఇంట్లో తీరిక వేళ అల్లిందే కదా, ఎవరికీ జీతం ఇవ్వలేదు కదా అని సర్దిచెప్పుకుంటారు.

చాలదని చెప్పడానికే ఇవాళ మీ ముందుకు వచ్చాను. ఎందుకు చాలదో లెక్కతోనే చెబుతాను. కాగితం, పెన్సిలు అందుబాటులో ఉంటే దగ్గర పెట్టుకోండి.

ఒక స్కార్ఫు తీసుకుందాం. 20 సెంటీమీటర్ల వెడల్పు, 180 సెంటీమీటర్ల పొడవు. జానెడు వెడల్పు, ఆరడుగుల పొడవు అనుకోండి. మరీ సన్నమూ, మరీ లావూ కాని ఊలు, నాలుగున్నర మిల్లీమీటర్ల సూదులు. అలాంటి అల్లికలో 10 సెంటీమీటర్ల వెడల్పుకు సుమారు 20 కుట్లు, 10 సెంటీమీటర్ల ఎత్తుకు సుమారు 25 వరసలు పడతాయి. అంటే మన స్కార్ఫుకు వరసకు 40 కుట్లు, మొత్తం 450 వరసలు. 18,000 కుట్లు. చెయ్యి తిరిగిన మనిషి నిమిషానికి 30 కుట్లు వేసిందనుకుందాం. 600 నిమిషాలు. పది గంటలు. కుట్లు ఎక్కించడం, దించడం, చివర కొసలు లోపలికి దోపడం, తడిపి కొలతకు పరిచి ఆరబెట్టడం ఇందులో కలపలేదు.

ఇప్పుడు పసిపిల్లల దుప్పటి. 80 సెంటీమీటర్ల వెడల్పు, మీటరు పొడవు. 40,000 కుట్లు, 22 గంటల పైన. పెద్దవాళ్లు సోఫాలో కూర్చుని కాళ్ల మీద కప్పుకునే దుప్పటి, 120 సెంటీమీటర్ల వెడల్పు, 150 పొడవు. 90,000 కుట్లు. యాభై గంటలు. అదీ సాదా అల్లికైతేనే. జడలు, జాలీలు వేసి అల్లితే వేగం ఇంకా తగ్గుతుంది.

ఈ దుప్పటిని ఊలు ఖరీదు మీద ఐదు వందలు వేసుకుని అమ్మారనుకోండి. గంటకు పది రూపాయలు. రోజుకు ఎనిమిది గంటలు అల్లితే ఎనభై రూపాయలు. 2024-25లో ఉపాధి హామీ పనికి ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ రోజు కూలి 300 రూపాయలు. ప్రత్యేకమైన నైపుణ్యం అవసరం లేని పనికి ప్రభుత్వం కట్టిన కూలి అది. మట్టి పని తక్కువదని నేననడం లేదు, ఎండలో పలుగు పట్టడం ఎంత కష్టమో అందరికీ తెలుసు. కానీ ఏళ్ల తరబడి చేతికి అలవాటు చేసుకున్న ఒక విద్యకు అందులో మూడోవంతు కూడా ముట్టడం లేదంటే, ఆ ధర చెప్పే పద్ధతిలోనే ఎక్కడో పెద్ద లోటు ఉంది.

యంత్రం వల్లనే చేతి పనికి ధర పడిపోయిందని అందరూ అనుకుంటారు. కొంతవరకు నిజమే. సూదులతో చేసే అల్లికకు చాలా ముందే యంత్రం వచ్చింది. ఇంగ్లండులోని నాటింగ్‌హాం దగ్గర కాల్వర్టన్ అనే ఊళ్లో విలియం లీ అనే ఆయన 1589లోనే మేజోళ్లు అల్లే మరచట్రం తయారుచేశాడు. నూలు వడికే పెద్ద యంత్రాల కంటే సుమారు రెండు శతాబ్దాలు ముందు! నవంబరు వచ్చేసరికి మన నగరాల్లో టిబెటన్లు వరసగా స్వెట్టర్ల దుకాణాలు పెడతారు చూడండి, వాటిలో ఎక్కువ భాగం లూధియానా మిల్లుల్లో యంత్రం మీద అల్లినవే. రెండొందల స్కార్ఫు కూడా అలాంటిదే. దానికి ఆ ధర న్యాయమైనదే కావచ్చు. ఆ ధరతో చేతి అల్లిక పోటీ పడడమే న్యాయం కాదు.

అయితే తప్పంతా యంత్రానిదే అనడానికి లేదు. అందుకు సాక్ష్యం మన ఇంట్లోనే ఉంది. పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురం లేసు మీకు తెలుసు. ఒక్క కొక్కెం సూది, తెల్లని నూలు దారం, అంతే సరంజామా. క్రైస్తవ మిషనరీల ద్వారా 19వ శతాబ్దంలో ఆ డెల్టా గ్రామాల్లోకి వచ్చిన పని అది. ఈ క్రోషియా అల్లికను చేత్తో చేసినట్టే చేయగల యంత్రం బజారులోకి రాలేదు. యంత్రాలు చేసేది చూపుకు దగ్గరగా ఉండే మరో రకం అల్లిక. అంటే నరసాపురం ఆడవాళ్లకు యంత్రం పోటీ లేదు. వాళ్ల చేతులు తప్ప ప్రపంచంలో మరో దారి లేదు. అలాంటప్పుడు వాళ్లకు మంచి ధర ముట్టాలి కదా?

ముట్టలేదు. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ ఆ గ్రామాల్లో తిరిగి, ఆ ఆడవాళ్లతో కూర్చుని, 1982లో నరసాపురం లేసు పనివాళ్ల మీద ఒక పుస్తకం ప్రచురించింది. ఆ ఇళ్లలో తయారైన లేసు ఓడలెక్కి ఎన్నో దేశాలకు వెళ్తుంది. ఎగుమతిదారు దారం ఇస్తాడు, ఏజెంటు దాన్ని ఇంటింటికీ చేరుస్తాడు, ఒకామె పువ్వులు అల్లుతుంది, మరొకామె ఆ పువ్వులను కలిపి అతుకుపని చేస్తుంది, ఏజెంటు లెక్కపెట్టి తీసుకుపోతాడు. మొత్తం వస్తువు ఎంతకు అమ్ముడైందో అల్లిన మనిషికి తెలియదు. రోజుకు ఆరేడు గంటలు కూర్చుని అల్లినా, ఆమెను పనిచేసే మనిషిగా ఎవరూ లెక్కించరు. ఇల్లాలు, తీరిక వేళ కాలక్షేపానికి చేస్తోంది అంటారు. ఆ మాట వ్యాపారి అన్నాడు, మగవాళ్లు అన్నారు, చివరికి ఆమె కూడా అంది. తీరిక వేళ చేసిన పనికి కూలి ఎందుకు అన్న ఒక్క ఆలోచన మీద ఒక ఎగుమతి వ్యాపారమంతా నిలబడింది. మరియా మీస్ ఎత్తి చూపింది దాన్నే. ఇవాళ్టి మేళాలో ఊలు దుప్పటి మీద ఐదు వందలు చాలనుకునే మనిషి మనసులో మెదిలేదీ అదే ఆలోచన.

ఆ లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. నాకు చాలా సంతోషం కలిగించిన వార్త అది. ఆ గుర్తింపు వల్ల పేరును ఇతరులు వాడుకోకుండా కాపాడుకోవచ్చు. గంటకు ఎంత ముట్టాలన్నది మాత్రం అది తేల్చదు.

ఇది మన దగ్గరే జరిగిందనుకోకండి. స్కాట్లండుకు ఉత్తరాన సముద్రంలో షెట్లాండ్ దీవులున్నాయి. అక్కడి గొర్రెల ఊలు చాలా మెత్తన. అక్కడి ఆడవాళ్లు అల్లిన శాలువలు పెళ్లి ఉంగరంలోంచి లాగితే ఇవతలికి వచ్చేంత సన్నగా ఉండేవి. మగవాళ్లు చేపల వేటకు సముద్రం మీదికి పోతే పొలం, పశువులు, పొయ్యి అన్నీ ఆడవాళ్లవే. వంటచెరకుగా వాడే పీట్ మట్టి గడ్డలు బుట్టలో వేసి వీపున కట్టుకుని, నడుస్తూనే రెండు చేతులా అల్లేవాళ్లు. నడుముకు ఒక తోలు పట్టీ, దానికి చిల్లులు, లోపల గుర్రపు వెంట్రుకలు కూరి ఉంటాయి. సూది ఒక కొసను అందులో గుచ్చితే నడకలో కూడా జారదు.

అంతటి పనిమంతులకు వర్తకులు ఇచ్చిందేమిటి? డబ్బు కాదు. అల్లిన శాలువకు బదులు టీ పొడి, గుడ్డ. ఇంట్లోకి కావలసింది పిండి. పిండి కొనాలంటే డబ్బు కావాలి. అందుకని ఆ టీ పొడిని ఇరుగుపొరుగులకు ఇచ్చి పిండి మార్చుకున్నవాళ్లున్నారు. సరుకుల రూపంలో కూలి ఇచ్చే ఈ పద్ధతి మీద బ్రిటిష్ ప్రభుత్వం విచారణ జరిపించింది. 1872లో వచ్చిన ఆ నివేదికలో షెట్లాండ్ ఆడవాళ్లు చెప్పిన సాక్ష్యాలు ఉన్నాయి. ఏ శాలువకు ఎంత ఊలు, ఎన్నాళ్ల పని, చేతికి వచ్చిందేమిటి అని అడిగిన ప్రతి ప్రశ్నకూ వాళ్లు జవాబు చెప్పారు. అల్లేవాళ్ల నోట వాళ్ల పని లెక్క అంత వివరంగా నమోదైన పత్రాలు అరుదు. ఆ తర్వాత కూడా ఆ అలవాటు వెంటనే పోలేదు. కానీ దాన్ని పట్టి నిలదీయడానికి ఒక ఆధారం దొరికింది.

ఇంకో రకంగా జరిగిన చోటు కూడా ఉంది. స్వీడన్ పడమటి తీరంలో బొహుస్లాన్ అనే ప్రాంతం. గ్రానైటు రాళ్లు కొట్టే ఊళ్లు అవి. 1930లలో రాళ్లకు గిరాకీ పోయి మగవాళ్లకు పనులు లేకుండా పోయాయి. ఆ ఇళ్ల ఆడవాళ్లు తమకేదైనా పని చూపించమని అక్కడి గవర్నరు భార్యను అడిగారు. ఆమె ఎమ్మా యాకబ్సన్, వియన్నాలో పుట్టిన మనిషి. మేజోళ్లు, చేతి తొడుగులు అల్లించడంతో మొదలుపెట్టి, 1939లో బొహుస్ స్టిక్నింగ్ అనే సంస్థగా నిలబెట్టింది.

ఎమ్మా చేసినదాంట్లో నాకు అన్నిటికంటే నచ్చింది, సరుకును చవగ్గా తయారుచేసి యంత్రంతో పోటీ పడదామని ఆమె అనుకోకపోవడం. యంత్రం చేయలేని చోటికి అల్లికను తీసుకెళ్లింది. సన్నని ఊలు, అందులో అంగోరా కుందేలు బొచ్చు, ఒకే వరసలో మూడు నాలుగు రంగులు, మధ్య మధ్య తిరగేసి వేసే పర్ల్ కుట్లు. దూరం నుంచి చూస్తే రంగులు ఒకదానిలోకి ఒకటి కరిగిపోయినట్టుంటాయి. నమూనాలు గీయడానికి వేరే కళాకారులుండేవారు. 'నీలి మెరుపు' అని పేరుపడ్డ స్వెట్టరు నమూనా 1947లో అన్నా-లీసా మన్‌హైమర్ లున్ తయారుచేసింది. అల్లిన ప్రతి వస్తువునూ కొలిచి చూసేవారు. కొలత తప్పితే, అల్లిక బిగువు మారితే తీసుకునేవారు కాదు. ఆ కఠినత్వం వల్లనే వాటికి స్టాక్‌హోం పెద్ద దుకాణాల్లోనూ అమెరికాలోనూ చోటు దొరికింది. ముప్పై ఏళ్లు నడిచి, 1969లో ఆ సంస్థ మూతపడింది. చేతి పని ఖర్చు అప్పటికి మోయలేనంత అయింది. ఆ స్వెట్టర్లు ఉద్దెవల్లా పట్టణంలోని మ్యూజియంలో ఉన్నాయి. ఆ నమూనాలను ఇవాళ్టికీ అల్లుతున్నారు. మూతపడిందని దాన్ని ఓటమి కింద జమకట్టడం నాకిష్టం లేదు. పనిలేని ఊళ్లలో ముప్పై ఏళ్ల పాటు ఎన్నో ఇళ్లలోకి ఆడవాళ్ల చేతుల మీదుగా డబ్బు వచ్చింది.

ఇక మన సంగతి. మన ఎండల్లో ఊలు దుప్పటి ఎవరు కొంటారని అడుగుతారు. ఆదిలాబాదు, అరకు, లంబసింగి వంటి చోట్లు వదిలేస్తే మనకు చలి నెలన్నర రెండు నెలలు. నా అభిప్రాయంలో మన దగ్గర ఈ వ్యాపారం చలి మీద ఆధారపడదు. కానుకల మీద ఆధారపడుతుంది. బారసాలకు ఇచ్చే చిన్న దుప్పటి, పురిటికి అమెరికా వెళ్లే అమ్మ పెట్టెలో పెట్టుకుపోయే టోపీ, స్కార్ఫు, ఏసీ గదిలో పెద్దాయన కాళ్ల మీదికి ఒక దుప్పటి. వీటిని కొనేవాళ్లు వెచ్చదనం ఒక్కటే చూడరు. ఫలానా బిడ్డ కోసం, ఫలానా రంగులో, పేరులో మొదటి అక్షరంతో అల్లించుకున్నామన్న తృప్తి చూస్తారు. ఆ పని మిల్లు చేయలేదు. కాబట్టి మేళాలో కుప్పగా పోసి అమ్మడం కంటే, నాలుగు మంచి నమూనాలు చూపించి ఆర్డర్లు తీసుకోవడమే మేలు. సగం డబ్బు ముందే తీసుకోండి, మొహమాటపడకండి. ఆ డబ్బుతోనే ఊలు కొనాలి.

ఊలు కొనేటప్పుడు ఒకే లాట్ నంబరున్న ఉండలు పని మొత్తానికీ సరిపడా ఒకేసారి తీసుకోవాలి. ఈ లాట్‌కూ ఆ లాట్‌కూ రంగులో పిసరంత తేడా వచ్చినా దుప్పటి మధ్యలో గీత గీసినట్టు కనపడుతుంది. మెడకు తగిలేదైతే పోగు సన్నగా ఉండాలి. సుమారు 30 మైక్రాన్లు దాటిన పోగు చర్మానికి గుచ్చుకుంటుంది. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు. మెరినో ఊలు అంతకంటే బాగా సన్నం. మన దక్కనీ నల్లగొర్రెల ఉన్ని ముతక. కురుమలు దానితో గొంగళ్లు నేశారు. ఆడవాళ్లు వడికిన ఉన్నిని మగ్గం మీద నేసి, చింతగింజల గంజి పట్టించి, వానకూ చలికీ ఆగేలా చేశారు. గొంగడికి అంతకంటే తగిన ఉన్ని లేదు, మఫ్లరుకు మాత్రం పనికిరాదు.

అక్రిలిక్ చవక, ఉతకడం తేలిక, అందుకే అందరూ అదే వాడతారు. వాడవచ్చు. కానీ పసిపిల్లల దుప్పటి విషయంలో నేను గట్టిగా చెబుతాను. అక్రిలిక్ నిప్పు తగిలితే కరిగి చర్మానికి అతుక్కుంటుంది. ఊలు తొందరగా అంటుకోదు, మంట తీసేస్తే దాదాపు దానంతటదే ఆరిపోతుంది. దీపాలు, సాంబ్రాణి పొగ మధ్య ఉండే పసిగుడ్డుకు మంచి ఊలు వాడండి. నూలు దుప్పటి బరువెక్కువ, వేలాడితే సాగుతుంది, అందుకని చిన్న కొలతలకే బాగుంటుంది. ఏది అమ్మినా ఉతికే పద్ధతి చీటీ మీద తెలుగులో రాసి కుట్టండి. ఊలు పోగు మీద కంటికి కనపడని పొలుసులుంటాయి. వేడినీళ్లలో వేసి నలిపితే అవి ఒకదానికొకటి పట్టుకుని మళ్లీ విడవవు, దుప్పటి కుంచించుకుపోయి అట్ట కడుతుంది. ఆ చీటీ లేకపోతే అది మీ అల్లిక తప్పే అవుతుంది.

ధర చెప్పేటప్పుడు గంటలు చెప్పండి. "ఇది యాభై గంటల పని అండీ, ఊలు కిలో దాకా పట్టింది." అంతే. గొంతు తగ్గించి చెప్పవద్దు, క్షమాపణ చెప్పినట్టు చెప్పవద్దు. విన్నవాళ్లలో సగం మంది వెళ్లిపోతారు, వెళ్లనివ్వండి. మిగిలినవాళ్లు మళ్లీ ఒకసారి దుప్పటిని చేతిలోకి తీసుకుంటారు. 2024-25 నాటి ఉపాధి హామీ కూలి, రోజుకు 300 లెక్కన చూసినా పసిపిల్లల దుప్పటికి కూలి 800 దాటుతుంది, పెద్ద దుప్పటికి దాదాపు 1,900 అవుతుంది. ఇది అడుగు లెక్క. దీని మీద ఊలు ఖరీదు, దారి ఖర్చు, మేళా అద్దె కలవాలి. దుకాణంలో పెడితే వాళ్ల వాటా కలవాలి. మీ నైపుణ్యానికి విలువ ఆ తర్వాత మొదలవుతుంది.

ఇక్కడ మరొక మాట చెప్పకపోతే నరసాపురం గురించి నేను మాట్లాడినదంతా వృథా. పని బాగుంటే ఆర్డర్లు పెరుగుతాయి. ఒక్కరి చేతులు చాలవు. పక్కింటి అక్కకు నేర్పిస్తారు, ఎదురింటి కోడలికి ఊలు ఇస్తారు. ఆ రోజు నుంచి ఏజెంటు స్థానంలో ఉన్నది మీరు. ముక్కకు ఇంతని రేటు చెప్పేది మీరు. "ఇంట్లో ఊరికే ఉండే బదులు చేస్తోంది కదా" అన్న మాట ఈసారి మీ నోటికి వస్తుంది, అది ఎంత సులువుగా వస్తుందో చూసుకోండి.

దానికి మందు కూడా లెక్కే. రేటు చెప్పకముందే, అల్లబోయే ఆ ఇద్దరి చేతా 10 సెంటీమీటర్ల చదరం ముక్క ఒక్కొక్కటి అల్లించండి. పక్కన గడియారం పెట్టండి. ముక్కకు 500 కుట్లు. ఒకామెకు 17 నిమిషాలు పట్టవచ్చు, కొత్తగా నేర్చుకున్నామెకు 23 పట్టవచ్చు. సగటు 20 అనుకుందాం. పసిపిల్లల దుప్పటిలో అలాంటి చదరాలు 80. అంటే 1,600 నిమిషాలు, 26 గంటల 40 నిమిషాలు. దుప్పటి రేటు ఆ గంటల మీద కట్టండి, మీ 22 గంటల మీద కాదు. కట్టిన రేటు, కొనేవాళ్లకు చెప్పబోయే ధర, రెండూ ఒకే కాగితం మీద రాసి వాళ్లిద్దరికీ చూపించి, ఆ తర్వాతే ఊలు ఉండలు పంచండి.